తంగేడు పూలు తెంపిన చెయ్యే విత్తనమూ వేయాలి

 

ఈ రోజు తంగేడు గురించి మాట్లాడతాను. దేవరకొండ, అచ్చంపేట గుట్టల్లో పెరిగిన మనకు తంగేడు గురించి కొత్తగా చెప్పేదేముంది అనుకుంటారు. నేనూ అట్లనే అనుకున్నాను.

మూడేళ్ల కింద బతుకమ్మకు మా హాస్టల్ పిల్లలతో పూలకు పోయాను. చిన్నప్పుడు నేను ఒడి నింపుకున్న చెలక ఇప్పుడు ప్లాట్లయింది. హద్దురాళ్లున్నాయి, చెట్టు లేదు. చివరికి బజారులో కట్టలు కొన్నాం. ఏడో తరగతి పిల్ల "మేడం, తంగేడు కూడా కొనుక్కోవాల్నా?" అనడిగింది. నాకు జవాబు దొరకలేదు.

2014లో తంగేడు మన రాష్ట్ర పుష్పమైంది. శాస్త్రీయ నామం సెన్నా ఆరిక్యులేటా. ఆకు మొదట్లో చిన్న చెవుల్లాంటి రెక్కలుంటాయి, ఆ పేరు వాటి వల్లే వచ్చింది. ఎర్రనేల, రాతినేల, తక్కువ వాన దీనికి చాలు. పశువులు పెద్దగా మేయవు. దీని బెరడుతో తోళ్లు ఊనేవారు. ఆకును వరిమడిలో తొక్కి ఎరువు చేసేవారు. పుల్లతో పళ్లు తోముకునేవాళ్లం. కొందరు షుగరుకు పూల కషాయం తాగుతారు. తాగినా డాక్టరు ఇచ్చిన మాత్రలు మానొద్దు. తంగేడులాగే పసుపు పూలు పూసే కసివింద గింజలు పిల్లలకు విషం. రెండింటినీ గుర్తుపట్టడం నేర్చుకోండి.

మరుసటి ఎండాకాలం ఎండిన కాయలు ఏరి గింజలు వేశాం. దాదాపు ఒక్కటీ మొలవలేదు. గింజ పైపొర గట్టిది, నీళ్లు లోపలికి పోనివ్వదు. రెండోసారి, మరిగించి దించిన నీళ్లు గింజల మీద పోసి రాత్రంతా నానబెట్టాం. ఉబ్బినవాటిని ఎర్రమట్టి, ఇసుక, పెంట ఎరువు కలిపిన కవర్లలో అర అంగుళం లోతున పెట్టాం. చాలావరకు మొలిచాయి. తల్లివేరు లోతుకు దిగుతుంది కాబట్టి మొక్కను కవరులో ఎక్కువ కాలం ఉంచొద్దు. జానెడు కాగానే తొలకరికి మూడడుగుల ఎడంతో గోడ వెంట నాటాం. మొదటి నెల నీళ్లు పోశాం. తర్వాత దాని బతుకు అది బతికింది.

తీజ్‌కు మన ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలకు తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు. మొలకను సాకడం మనకు కొత్త కాదు.

అందుకే మిమ్మల్ని రెండు పనులు అడుగుతున్నాను. పూలకు పోయినప్పుడు కొమ్మలు విరవకండి, ప్రతి చెట్టుకు కొన్ని పూలు కాయ కట్టడానికి వదలండి. ఎండాకాలం సెలవుల్లో తండాకు, పెంటకు పోయినప్పుడు గుప్పెడు గింజలు ఏరి, బడి గోడ వెంటో చెరువు కట్ట కిందో నాటండి.

పోయిన బతుకమ్మకు మా గోడ వెంట పూసినవి ఒక్క తాంబాలానికే సరిపోయాయి. అయినా ఆ పిల్లే ముందు తెంపింది. పైకొమ్మల పూలు ముట్టలేదు. "అవి గింజలకు, మేడం" అంది.