శిమిలిగుడ స్టేషను కథ

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉర్దూ మీడియం పంతులు మైకు పట్టుకున్నాడంటే విద్య యొక్క ఆవశ్యకత గురించి గంటసేపు చెబుతాడని మీరు అనుకొని ఉంటారు. వెనుక వరుసలో పిల్లలు అప్పుడే లేవబోతున్నారు. కూర్చోండి బాబూ! ఈసారి మేము ఒక రైల్వే స్టేషను కథ చెప్పదలచుకున్నాము. అది హౌరా కాదు, సికింద్రాబాదు కాదు. విశాఖపట్నం నుంచి కిరండూల్ పోయే కొండలైను మీద, అరకు ఇంకొక స్టేషను ఉందనగా వచ్చే శిమిలిగుడ.

పేరు మీరు వినే ఉంటారు. ఎన్నో ఏళ్ళపాటు జనరల్ నాలెడ్జి పుస్తకాలలో అది ఉండేది. మన బడులలో "సబ్ సే ఊంచా స్టేషన్ కౌన్‌సా?" అని అడగడమే ఆలస్యం, పిల్లలు "షిమ్లీగుడా" అని ఒకే గొంతుతో అరిచేవారు. సముద్రమట్టానికి సుమారు 996 మీటర్లు. అయితే ఆ ప్రశ్నలో "బ్రాడ్‌గేజి" అన్న మాట ఉండాలి. అది లేకపోతే జవాబు తప్పు. ఎందుకంటే డార్జిలింగు చిన్న రైలు మీద ఘుం స్టేషను 2,258 మీటర్ల ఎత్తున ఉన్నది. మన వాళ్ళు ప్రశ్నలో సగం వదిలేసి జవాబు మాత్రం కంఠస్థం చేస్తారు.

ఇంతకీ అంత కొండ మీద స్టేషను ఎందుకు కట్టారు? అక్కడి ప్రజల కోసమా? కాదు. బస్తరులో బైలదిల్లా అనే కొండలు గలవు. ఆ పేరుకు ఎద్దు మూపురం అని అర్థం. ఆ కొండల నిండా మేలురకం ఇనుప ఖనిజం. 1960లో జపాను ఉక్కు కర్మాగారాలకు ఖనిజం అమ్మే ఒప్పందం జరిగినది. బైలదిల్లా నుంచి ఏడాదికి 40 లక్షల టన్నులు పంపాలి. గని అక్కడ, ఓడ విశాఖలో. మధ్యన తూర్పు కనుమలు. దానికోసం దండకారణ్య–బొలంగీర్–కిరిబురు ప్రాజెక్టు కింద కొత్తవలస నుంచి కిరండూల్ దాకా లైను వేశారు. 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు అని లెక్క చెబుతారు. 1960ల రెండో సగంలో రైళ్ళు నడిచాయి. 1980 తర్వాత రెండు మూడేళ్ళలో కరెంటు లైను కూడా పడింది. పెద్ద ఓడలు నిలవడానికి విశాఖలో ఔటర్ హార్బరు 1976లో తెరిచారు. గని, లైను, రేవు, అన్నీ ఒకే దండలో గుచ్చిన పూసలు.

ఇక్కడొక చిన్నమాట. కొండ తొలిచినవాళ్ళను, దూలాలెత్తినవాళ్ళను రైల్వేవారు ఖలాసీ అంటారు. అది అరబ్బీ నుంచి మన ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చిన మాట. పట్టా పాడైతే చేసే మరమ్మతు కూడా అంతే. ఉర్దూ ముషాయిరాలలోనే ఉంటుందని అనుకునేవారు ఒకసారి రైలుకట్ట మీదికి వెళ్ళి వినాలి.

సరే, స్టేషను సంగతి. ఒంటి లైను మీద ఎదురెదురుగా వచ్చే బండ్లు ఎక్కడో ఒకచోట తప్పుకోవాలి గదా! అందుకని ఊరున్నా లేకున్నా కొన్ని కిలోమీటర్లకొక స్టేషను కట్టి, పక్కన ఇంకొక పట్టా వేస్తారు. శిమిలిగుడ అలా పుట్టినదే. కొత్తవలస మైదానం నుంచి వంద కిలోమీటర్ల లోపే బండి అంత ఎత్తుకు ఎక్కుతుంది. ఖనిజం నింపుకొని వచ్చే బండికి మాత్రం శిమిలిగుడ దాటాక అంతా దిగుడే. ఎక్కడం కంటే దిగడమే కష్టం. వేల టన్నుల బరువును బ్రేకు మీద పట్టుకొని దింపాలి. డ్రైవర్లకు అక్కడ కన్ను మూతపడే వీలులేదు.

జనం కోసం కట్టకపోయినా జనం ఆ స్టేషనును తమది చేసుకున్నారు. పగలు పోయి వచ్చే కిరండూల్ పాసింజరు ఒక్కటే ఎన్నో ఏళ్ళు వారికి దిక్కు. అడ్డాకుల మోపులు, కొండచీపుళ్ళు, పసుపు, పిప్పళ్ళు, సీతాఫలాల గంపలు ఆ బండిలోనే శృంగవరపుకోట దిగేవి. పురిటినొప్పుల ఆడమనిషిని దింపాలన్నా అదే బండి. దాని వేళను బట్టే రోగం రావాలన్నట్లుండేది. ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లవాడు బోర్డు మీద తెలుగు, హిందీ, ఇంగ్లీషు అక్షరాలు చూస్తాడు. తన భాష అందులో లేదు. ఇంటి భాష ఒకటి, దరఖాస్తు భాష ఇంకొకటి అయితే ఎలా ఉంటుందో మన పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ ఎత్తు సంగతి ఏమైందంటారా? 2008లో కాశ్మీరు లోయలో బ్రాడ్‌గేజి రైలు మొదలైంది. అక్కడి స్టేషన్లు 1,500 మీటర్లు దాటిన ఎత్తులో ఉన్నాయి. ఆనాటితో శిమిలిగుడ రికార్డు పోయింది. 2025 జూన్‌లో ఆ లోయ లైను మిగతా దేశంతో కలిసింది కూడా. పాత గైడు పుస్తకాలు ఇళ్ళలో ఉంటే దయచేసి ఆ జవాబు దిద్దండి. పరీక్షలో మార్కు పోతుంది.

రికార్డు పోయినందుకు శిమిలిగుడకు ఒరిగిన నష్టమేమీ లేదు. అసలు చిక్కు వేరే ఉన్నది. 2017లో అద్దాల పెట్టె తగిలించాక విహారయాత్రికులు పెరిగారు. వారు సొరంగం వచ్చినప్పుడల్లా కేకలేసి, అరకులో దిగిపోతారు. వానలకు బండలు జారి పట్టా మీద పడితే లైను మూతపడుతుంది. ఎన్ని ఖనిజం బండ్లు ఆగాయో మరునాడు పేపర్లో వస్తుంది, గంపలతో నిలబడ్డవారి లెక్క రాదు. ఇప్పుడు కొత్తవలస నుంచి కోరాపుట్ వరకు రెండో లైను పని చేపట్టారు. అది మంచిదే. కాని రెండు లైన్లు పడ్డాక బండ్లు తప్పుకోవడానికి ఆగే పని తగ్గుతుంది. ఆ స్టేషను పుట్టిన కారణమే తగ్గుతుందన్నమాట. అప్పుడు అక్కడ పాసింజరు ఆగాలంటే ఎక్కేవారు దిగేవారు ఎందరని పైవారు అడుగుతారు.

కనుక ఈ చలికాలంలో పిల్లలను కొండలకు తీసుకుపోయేవారికి మా మనవి ఒకటే. అరకుకు కాక శిమిలిగుడకే టిక్కెట్టు కొనండి. అక్కడ దిగి, బోర్డు చూపించి, పిల్లల చేత మీటర్ల అంకె చదివించండి. మధ్యాహ్నం దాటాక కిరండూల్ వైపు నుంచి వచ్చే బండికి తిరిగి రావచ్చు. తినడానికి ఏదైనా ఇంటినుంచే కట్టుకుపోండి.

సెలవు. ఖుదా హాఫిజ్.