ఇన్సులిన్ సూది, షుగర్ గోలీలు, రంజాన్ రోజాలు

(మన సంక్షేమ సంఘ వార్షిక సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



మేము డాక్టరులము కాము. ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకునే వాళ్ళము. మందుల గురించి మాట్లాడే అర్హత మీకేమున్నదని ఎవరైనా అడిగితే, షుగర్ రోగి ఉన్న ఇంట్లో ఇరవై ఏళ్ళ నుండి బతుకుచున్నాము, అంతే మా అర్హత. ఉర్దూలో అయితే ఇంకా ధారాళంగా చెప్పగలము గాని, మన పిల్లల్లో చాలామందికి ఉర్దూ చదవడం రావడం లేదు. ప్రసంగము సంచికలో అచ్చు వేస్తామని కార్యదర్శి గారు అన్నారు కాబట్టి తెలుగులోనే చెప్పుచున్నాము. తప్పులుంటే మన్నించగలరు.

భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే ప్రకారము మన దేశములో షుగర్ ఉన్నవారు పది కోట్ల పైమాటే. ఆ లెక్క 2023లో వచ్చింది. ఇంకో పదమూడు కోట్లకు పైగా జనము దానికి దగ్గరలో ఉన్నారట. మన అనంతగిరిలో ఎందరున్నారో ఎవరూ లెక్క కట్టలేదు గాని, దావత్‌లో ఖుబానీ కా మీఠా గిన్నె తిరుగుతున్నప్పుడు ఎన్ని చేతులు వద్దంటాయో చూస్తే తెలిసిపోతుంది. వద్దని, మళ్ళీ ఒక చెంచా వేయించుకునే చేతులు కూడా ఉన్నాయనుకోండి.

మనము తిన్న అన్నము, రొట్టె కడుపులో అరిగి రక్తములోకి చక్కెరగా పోతుంది. ఆ చక్కెర ఒంటి కండరాల లోపలికి పోతేనే మనిషికి బలము. పోనిచ్చేది ఇన్సులిన్. దానిని తయారు చేసేది క్లోమము; ఉర్దూలో లబ్లబా అంటాము. సాగర్ ఎడమ కాలువ నిండుగా పారుతున్నా తూము ఎత్తకపోతే మన మడి ఎండిపోతుంది గదా, షుగర్ రోగి పరిస్థితి అదే. రక్తములో చక్కెర నిండా ఉంటుంది, మనిషికి మాత్రం నీరసము. అట్లా నిలిచిపోయిన చక్కెర ఏళ్ళ తరబడి కళ్ళను, మూత్రపిండాలను, కాళ్ళ నరాలను తినివేస్తుంది.

మా అమ్మీకి పన్నెండేళ్ళు గోలీలతో గడిచిన తరువాత డాక్టరు గారు ఇన్సులిన్ రాశారు. ఆమె ఒప్పుకోలేదు. "సూది మొదలైందంటే మనిషి పని అయిపోయినట్టే, మన వాడకట్టులో ఎంతమందిని చూడలేదు" అన్నది. ఈ మాట మీ ఇళ్ళలో కూడా విని ఉంటారు. నిజమేమనగా, గోలీలు పని చేయని దశకు వచ్చాక కూడా సూది వద్దని రెండు మూడేళ్ళు లాగి, కాళ్ళు, మూత్రపిండాలు చెడిన తరువాత సూదికి ఒప్పుకున్నవారినే మనము చూస్తూ వచ్చాము. చెడగొట్టింది ఆలస్యము, పేరు సూదికి వచ్చింది.

ఇన్సులిన్ చేసిన మేలు తెలియాలంటే అది లేని రోజులు తెలియాలి. చిన్నపిల్లలకు వచ్చే షుగర్‌లో క్లోమము ఇన్సులిన్‌ను దాదాపు తయారు చేయనే చేయదు. 1922కు ముందు అటువంటి పిల్లలను కడుపు మాడ్చి కొన్ని నెలలు, మహా అయితే ఒకటి రెండేళ్ళు నిలబెట్టేవారు, తరువాత పోయేవారు. కెనడా దేశము టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు 1921లో కుక్కల మీద ప్రయోగాలు చేసి ఈ మందును పట్టుకున్నారు. 1922 జనవరి 11న లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ పిల్లవానికి మొదటి సూది వేశారు. అది సరిగ్గా శుద్ధి కాలేదు. మందును శుద్ధి చేసి అదే నెల 23న మళ్ళీ వేస్తే పిల్లవాడు లేచి కూర్చున్నాడు, ఆ తరువాత పదమూడేళ్ళు బతికాడు. పేటెంటును టొరంటో విశ్వవిద్యాలయానికి ఒక్కొక్కరు ఒక్క డాలరు చొప్పున తీసుకొని ఇచ్చివేశారు. ఇటువంటి షుగర్ ఉన్న పిల్లలు మనలో ఎవరి ఇంట్లోనైనా ఉంటే ఒక్క రోజు కూడా ఇన్సులిన్ ఆపరాదు. తాయెత్తు కట్టించండి, దువా చేయించండి, ఎవరూ కాదనరు. సూది మాత్రం ఆపవద్దు.

మన పెద్దవారిలో ఇంకొక సందేహము ఉండేది. అది పందిది కదా, హలాల్ ఎట్లా అవుతుందని. ఆ సందేహము ఊరికే పుట్టలేదు. అరవై ఏళ్ళ పాటు ఇన్సులిన్‌ను పందుల, ఆవుల క్లోమము నుండే తీశారు. 1978లో మనిషి ఇన్సులిన్‌కు సంబంధించిన జన్యువును సూక్ష్మజీవిలో పెట్టి తయారు చేయడం నేర్చుకున్నారు. 1982లో అమెరికాలో దాని అమ్మకానికి అనుమతి వచ్చింది. 2004లో బెంగళూరులోని బయోకాన్ సంస్థ ఒక రకమైన ఈస్టుతో చేసి అమ్మడం మొదలుపెట్టింది. ఇప్పుడు మన కోదాడ మందుల దుకాణాలలో మనకు మామూలుగా ఇచ్చేది ఈ విధముగా తయారైన మందే. ఇంకా మనసులో ఉంటే సీసా పెట్టె పట్టుకొని ఆలిమ్ సాహెబ్ వద్దకు పోయి అడగండి, అంతేగాని అడగకుండా మానివేయకండి.

ఇక గోలీలు. అన్నీ షుగర్ గోలీలే గదా అని ఒకరివి ఒకరు మింగే అలవాటు మన దగ్గర ఉన్నది, అది మానాలి. మెట్‌ఫార్మిన్ అనేది పాత మందు, 1957లో ఫ్రాన్సులో వాడుకలోకి తెచ్చారు. ఆకు పసర్లంటే ఇష్టపడే పెద్దలకు ఒక మాట: ఈ మందుకు దారి చూపింది కూడా ఒక మొక్కే. దీనిని అన్నముతో వేసుకోవాలి, లేకుంటే కడుపులో తిప్పుతుంది. మూత్రపిండాల పరీక్ష అప్పుడప్పుడు చేయించాలి. ఇది ఒక్కటే వేసుకునేవారికి చక్కెర మరీ పడిపోవడం అరుదు. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ అనేవి వేరు. ఇవి క్లోమాన్ని గట్టిగా పిండి ఇన్సులిన్ రప్పిస్తాయి. మనిషి తిన్నాడా లేదా అని చూడవు. తినకపోతే చక్కెర పడిపోతుంది. చిక్కేమనగా ఒకే గోలీలో మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ రెండూ కలిపి అమ్ముతారు. పైన పెద్ద అక్షరాలలో కంపెనీ పేరుంటుంది, కింద చిన్న అక్షరాలలో అసలు మందు పేరు. ఇంట్లో చదువుకున్న పిల్లల చేత ఆ చిన్న అక్షరాలు చదివించండి. కొత్తగా వచ్చిన వాటిలో గ్లిఫ్లోజిన్ అని ముగిసే పేర్లు ఉన్నవి చక్కెరను మూత్రములో బయటికి పంపుతాయి, నీళ్ళు కూడా పోతాయి. ఎండాకాలము రోజాలున్న వారు వీటి గురించి డాక్టరును ప్రత్యేకంగా అడగాలి.

ఇప్పుడు కొంచెము లెక్కలు చెప్పుతాము, అలవాటు పోదు కదా. ఇన్సులిన్ సీసాలలో ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి. పెన్నులో వేసే మందులో, కొన్ని సీసాలలో, మిల్లీలీటరుకు 100 యూనిట్లు. సిరంజీలు కూడా రెండు రకాలు. 40 దానికి ఎర్ర మూత, 100 దానికి నారింజ మూత. ఒకసారి ఎర్రవి దొరకలేదని దుకాణములో నారింజ మూతవి ఇచ్చారు, మేము చూసుకోకుండా తెచ్చాము. అమ్మీది 20 యూనిట్ల మోతాదు. నారింజ మూత సిరంజీలో 20 గీత అంటే మిల్లీలీటరులో అయిదవ వంతు. 40 సీసాలో అయిదవ వంతుకు ఉండేది 8 యూనిట్లే. పది రోజులు ఆమెకు 20కి బదులు 8 పోయింది, చక్కెర 350 దిగలేదు. డాక్టరు గారు మోతాదు పెంచబోయి, ఎందుకో "ఆ సిరంజీ ఒకసారి తెచ్చి చూపండి" అన్నారు. పెంచి ఉంటే, తరువాత మేము ఎర్ర మూతవి తెచ్చి ఉంటే ఏమయ్యేదో! దీనికి తిరగేసి జరిగితే ఇంకా ప్రమాదము. 100 మందును ఎర్ర మూత సిరంజీలో 20 గీత దాకా లాగితే అర మిల్లీలీటరు, అంటే 50 యూనిట్లు. లెక్కల మాస్టర్లు మన సంఘములో చాలామంది ఉన్నారు, ఈ లెక్క పిల్లల చేత చేయించండి. సీసా మీది అంకె, సిరంజీ మీది అంకె ఒకటే ఉండాలి.

సీసాను ఫ్రిజ్జులో పెట్టాలి గాని మంచు గడ్డ కట్టే పై అరలో కాదు. గడ్డ కట్టిన మందు మళ్ళీ కరిగినా పనికిరాదు. వాడుచున్న సీసా చల్లని చోట నాలుగు వారాలు ఉంటుంది, కాని మన మే నెల ఎండ సంగతి మీకు తెలుసు. ఫ్రిజ్జు లేనివారు సీసాను డబ్బాలో మూసి, తడి ఇసుక మీద పెట్టిన మట్టి కుండలో ఉంచవచ్చును. మోటారు సైకిలు డిక్కీలో మాత్రం పెట్టరాదు.

ఇప్పుడు అసలు చెప్పవలసినది. 2019లో రంజాన్ మే నెలలో వచ్చింది. పద్నాలుగు గంటలకు పైగా రోజా, పైన ఎండలు. అప్పటికి అమ్మీ పొద్దున 20, రాత్రి 12 యూనిట్లు వేసుకుంటున్నది. రోజాలకు మార్చాలని మాకు తోచలేదు, డాక్టరును అడగలేదు. పొద్దుటి 20 యూనిట్లను సహరీలో వేసుకొని, రెండు ముద్దలు తిని, నియ్యత్ చేసుకున్నది. అసర్ నమాజు అయిన తరువాత మేము ఇంటికి వచ్చేసరికి చెమటలు కారుతూ, చేతులు వణుకుతూ, మాట తడబడుతూ గోడకు ఆనుకొని ఉన్నది. చక్కెర పడిపోయిందని మాకు తెలిసింది. తెలిసి కూడా నిలబడిపోయాము. ఇఫ్తారుకు ఇంకా గంట. గంట కోసము రోజా విడిపిస్తే అమ్మీ మమ్మల్ని జన్మలో క్షమించదేమో అనుకున్నాము. కళ్ళతోనే వద్దు వద్దు అంటున్నది. పది నిమిషాలు అట్లా గడిచిపోయాయి. పక్క వీధిలో ఉండే ఏఎన్ఎమ్ చెల్లెలు కేకలు విని వచ్చి వేలు గుచ్చి చూస్తే 46. ఆమె ఎవరినీ అడగలేదు. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి, అమ్మీకి ఇంకా మింగే తెలివి ఉండగానే తాగించింది. పావుగంటకు మళ్ళీ చూసింది, మళ్ళీ ఇచ్చింది. "ఇంకొంచెము ఆగి ఉంటే తెలివి తప్పేది సార్, అప్పుడు నోట్లో ఏమీ పోయరాదు, కోదాడ దాకా పరుగెత్తవలసి వచ్చేది" అన్నది. చదువు చెప్పేవాళ్ళము, ఆ పది నిమిషాలు ఏమి చేశామో మీకు చెప్పుకోవడానికే ఇక్కడ నిలబడ్డాము.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు. 2001లో 13 ముస్లిం దేశాలలో 12 వేల మందికి పైగా షుగర్ రోగులను పరిశీలించారు. పెద్దవారికి వచ్చే షుగర్‌లో, చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం మామూలు నెలలకన్నా రంజాన్‌లో ఏడు రెట్లు మించి కనిపించింది.

సూరా బఖరాలోనే రోగికి, ప్రయాణీకునికి రోజాల విషయములో సడలింపు ఉన్నదని మన మౌల్వీ సాహెబులు ప్రతి సంవత్సరము చెప్పుతూనే ఉన్నారు. మనము అది పక్కింటివారికని వింటాము. సూది గురించి 1997లో జెద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఫిఖ్‌ అకాడమీ ఆలోచించింది. బలము కొరకు ఎక్కించే ద్రవములు తప్ప, చికిత్స కొరకు చర్మములోకో కండలోకో ఇచ్చే సూది వలన రోజా చెడదని తీర్మానించింది. పరీక్ష కోసము వేలు గుచ్చి ఒక చుక్క రక్తము తీయడము కూడా అంతే. కాబట్టి రోజాలో ఉండి కూడా చూసుకోవచ్చును. 70 కన్నా తగ్గినా, 300 కన్నా పెరిగినా ఆ రోజా అక్కడికి విడవాలని డాక్టర్లు చెప్పుతున్నారు. ఇఫ్తార్ ఎంతసేపట్లో ఉన్నదని చూడవద్దు.

రోజాలుండగలిగిన వారికి మందుల వేళలు మారతాయి. మామూలుగా పొద్దున వేసుకునే పెద్ద మోతాదు ఇఫ్తారుకు పోతుంది, సహరీలో వేసేది బాగా తగ్గుతుంది. ఎంత తగ్గించాలనేది మనిషిని బట్టి డాక్టరు చెప్పాలి, మేము అంకె చెప్పము. ఇందుకోసము రంజాన్ చంద్రుడు కనబడేదాకా ఆగవద్దు. షాబాన్ నెలలోనే చీటీలు, గోలీల పట్టీలు, సీసా, సిరంజీ అన్నీ ఒక సంచిలో వేసుకొని ప్రభుత్వ దవాఖానకు గాని, మీ డాక్టరు వద్దకు గాని పోవాలి. బీపీ, షుగర్ గోలీలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా ఇస్తున్నారు.

మా అమ్మీకి మాత్రం డాక్టరు గారు ఇక రోజాలు వద్దన్నారు. ఇమామ్ సాహెబ్ ఇంటికి వచ్చి ఫిద్యా సంగతి చెప్పి ఒప్పించారు. రోజుకు ఒక పేదకు భోజనము పెట్టుచున్నాము. ఆమె ఒప్పుకున్నది గాని మొదటి సంవత్సరము వంటింటి తలుపు వేసుకొని, వీధికి వీపు పెట్టి తినేది. ఎవరైనా వస్తే పళ్ళెము కొంగు కింద దాచేది. మన వాడకట్టు ఆడవాళ్ళకు మా మనవి ఒక్కటే. రంజాన్‌లో మధ్యాహ్నము అటువంటి ఇంటికి పోయినప్పుడు "ఏమి ఖాలా, రోజా లేరా" అని అడగవద్దు.