అడవిదున్న, పెద్ద బోరు తుపాకి

ప్రాణహిత గోదావరిలో కలిసే చోటికి దగ్గర్లో ఉన్న సిరొంచ, 1860ల్లో ఎగువ గోదావరి జిల్లాకు కేంద్రం. ఆ కాలంలో మధ్య పరగణాల్లో పనిచేసిన సైనికాధికారి జేమ్స్ ఫోర్సిత్, 1863లో వేట రైఫిళ్ల మీద ఒక పుస్తకం రాశాడు.

అప్పట్లో బోరంటే లెక్క ఇది: పౌను సీసంతో ఎన్ని గుండ్లు పోయవచ్చో అదే బోరు. 14 బోరు గుండు సుమారు 32 గ్రాములు. 4 బోరుదైతే 113 గ్రాములు! అంకె తగ్గేకొద్దీ గొట్టం పెద్దది. వేటగాడే సీసం కరిగించి అచ్చులో పోసేవాడు, తుపాకిమందు కొలిచి దట్టించేవాడు.

అసలు చిక్కు గొట్టం లోపల మెలిక తిరిగే గాళ్లలో ఉంది. మెలిక బిగువుగా ఉండి మందు ఎక్కువైతే, మెత్తని సీసం గాళ్లను పట్టుకోలేక జారిపోతుంది, గురి తప్పుతుంది. ఎనిమిది అడుగులు దాటితే గాని ఒక చుట్టు పూర్తికానంత నెమ్మది మెలిక చాలన్నాడు ఫోర్సిత్. నిజంగా గొప్ప ఆలోచన.

అలాంటి పెద్ద తుపాకులతో వేటాడిన ఆ నైపుణ్యం అడవిదున్నలకు, అంటే అడవి గేదెలకు, మాత్రం చేటే చేసింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వాటి వేటను నిషేధించింది. సిరొంచ ఇప్పుడున్న గడ్చిరోలి జిల్లాలోని కోలామార్క అడవి ఇప్పుడు వాటి ఆశ్రయం. అక్కడ తుపాకి చప్పుడు వినిపిస్తే వెంటనే అటవీ సిబ్బందికి చెప్పండి.