సంతకానికి ముందు: తల గాయాలు, మూలకణ చికిత్స
(బెంగళూరులో తెలుగు నివాసుల సమావేశంలో పురపాలక అనువాదకుడు చేసిన ప్రసంగ పాఠం)



నేను వైద్యుణ్ణి కాను. కన్నడంలోను, ఇంగ్లీషులోను వెలువడే పురపాలక పత్రాలను తెలుగులోకి తెచ్చే ఉద్యోగిని. అయినప్పటికీ ఒక వైద్య విషయాన్ని మీ ముందుంచడానికి కారణం ఉన్నది.

కిందటి ఏడాది ఒక సాయంత్రం, రాయలసీమ నుంచి వచ్చి ఇక్కడ కట్టడం పనుల్లో స్థిరపడిన ఒక ఇల్లాలు మా కార్యాలయానికి వచ్చింది. ఏడాదిన్నర క్రితం ఆమె భర్త బండి మీద నుంచి పడ్డాడు. తలకు బలమైన దెబ్బ. ప్రాణం దక్కింది కాని కుడిచేయి, కుడికాలు స్వాధీనంలో లేవు. ఆమె చేతిలో ఒక ఇంగ్లీషు కరపత్రం, ఒక అంగీకార పత్రం ఉన్నాయి. "స్టెమ్ సెల్స్ ఎక్కిస్తే మనిషి మళ్ళీ మునుపటి మాదిరి తిరుగుతాడంట సార్. ఊళ్ళో ఎకరా బేరం పెట్టినాం. ఇందులో ఏముందో చదివి చెప్పండి" అన్నది.

కరపత్రంలో ఆశ పెద్ద అక్షరాల్లో ఉన్నది. అంగీకార పత్రం చివరి పుటలో మాత్రం, ఫలితానికి తమది బాధ్యత కాదని, కట్టిన సొమ్ము తిరిగి రాదని చిన్న అక్షరాల్లో ఉన్నది. రెండింటినీ ఒకే గొంతుతో చదివి వినిపించాను. ఆమె కొంతసేపు మౌనంగా ఉండి, "అయితే ఆశ లేదా సార్?" అని అడిగింది. ఆ ప్రశ్నకు ఆనాడు నా దగ్గర జవాబు లేదు. తరువాత చదివి, వైద్యులను అడిగి తెలుసుకున్నది ఇప్పుడు మనవి చేస్తాను.

తలకు దెబ్బ తగిలినప్పుడు మెదడుకు జరిగే నష్టం రెండు విధాలు. మొదటిది ఆ క్షణంలోనే జరిగిపోతుంది. రెండవది వాపు, రక్తస్రావం, ప్రాణవాయువు కొరత వల్ల తరువాతి గంటల్లోను, రోజుల్లోను జరుగుతుంది. సకాలంలో ఆసుపత్రికి చేరిస్తే వైద్యులు అరికట్టగలిగేది ఈ రెండవ దానిని. నశించిన నాడీకణాలు చర్మం మాదిరిగా మళ్ళీ పుట్టవు. అందుకే మూలకణాల మీద ఇంత ఆశ.

మూలకణం అంటే తాను విభజన చెందుతూ, అవసరాన్ని బట్టి వేరే రకం కణంగా మారగల కణం. మన ఎముకల మూలుగలో రక్తాన్ని పుట్టించేవి అటువంటివే. రక్త వ్యాధులకు మూలుగ మార్పిడి నిరూపితమైన చికిత్స. మన దేశంలో 1983లో ముంబయిలోని టాటా స్మారక ఆసుపత్రిలో అది మొదలైంది. అయితే రక్తంలో పని చేసినది మెదడులోనూ చేస్తుందని అనుకోరాదు. మెదడులో ప్రవేశపెట్టిన కణాలు కొత్త నాడీకణాలుగా స్థిరపడడం కంటె, తాము విడుదల చేసే పదార్థాలతో గాయపడిన భాగం కోలుకోవడానికి తోడ్పడతాయని పరిశోధకుల అభిప్రాయం.

ఈ దారిలో చెప్పుకోదగిన అడుగు జపానులో పడింది. దాతల మూలుగ నుంచి తయారుచేసిన కణాలను శస్త్రచికిత్స ద్వారా మెదడులో గాయం చుట్టూ ఉంచే పద్ధతిని అక్కడి శాన్‌బయో సంస్థ రూపొందించింది. 61 మంది పాల్గొన్న పరీక్షలో 46 మందికి కణాలు ఇచ్చారు, 15 మందికి ఇచ్చినట్లు మాత్రమే చేశారు. ఆరు నెలల తరువాత కాలుచేతుల కదలికను కొలిస్తే, కణాలు పొందినవారిలో సగటున 8.3 పాయింట్లు, పొందనివారిలో 2.3 పాయింట్లు మెరుగుదల కనిపించింది. 2024 జూలైలో జపాను ప్రభుత్వం దానికి షరతులతో, పరిమిత కాలానికి అనుమతి ఇచ్చింది. అంటే ఇంకా నిరూపించుకోవలసి ఉన్నదని అర్థం. మెరుగుదల వేరు, మునుపటి మనిషి కావడం వేరు.

ఇక మన దేశం సంగతి. భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం కలిసి 2017లో విడుదల చేసిన జాతీయ మార్గదర్శకాల ప్రకారం, ఆమోదం పొందిన రక్తసంబంధ వ్యాధులకు తప్ప మరి దేనికీ మూలకణాలను మామూలు చికిత్సగా ఇవ్వరాదు. అనుమతి పొందిన పరీక్షలో భాగంగా మాత్రమే ఇవ్వవచ్చు. పరీక్షలో చేరిన రోగి నుంచి అందుకు సొమ్ము వసూలు చేయరాదు.

కనుక ఎవరైనా ఈ చికిత్స చేస్తామంటే మూడు ప్రశ్నలు అడగండి. ఇది పరీక్షా, చికిత్సా? పరీక్ష అయితే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో దీని నమోదు సంఖ్య ఎంత? నైతిక సంఘం ఆమోద పత్రం చూపగలరా? పరీక్ష అంటూనే లక్షలు అడిగితే, జవాబు అక్కడే దొరికినట్లు.

ఆమె ప్రశ్నకు వస్తాను. ఆశ ఉన్నది. అది నిదానంగా నడిచే ఆశ. ఫిజియోథెరపీ, మాట శిక్షణ, రోజువారీ పనుల అభ్యాసం క్రమం తప్పక సాగితే మెదడులో మిగిలిన భాగాలు కొన్ని పనులను మళ్ళీ నేర్చుకుంటాయి. మన నగరంలోని నిమ్హాన్స్‌లో ఇందుకోసం పునరావాస విభాగమే ఉన్నది. కరపత్రాల్లో ఇది పెద్ద అక్షరాల్లో కనిపించదు.

ఆ కుటుంబం ఎకరా అమ్మలేదు. ఆయన నేటికీ పనికి వెళ్ళలేడు, ఆ సంగతి దాచను. చేతికర్ర సాయంతో వాకిలి దాకా నడుస్తున్నాడు, ఎడమచేత్తో చొక్కా గుండీలు తానే పెట్టుకుంటున్నాడు. "ఆ పొలం లేకుంటే ఈ ఏడాది మందులకే దిక్కు లేకపోయేది సార్" అని ఆమె మొన్న చెప్పింది.

చివరిగా ఒక మనవి. తెలియని భాషలో ఉన్న కాగితం మీద సంతకం చేయవద్దు. అంగీకార పత్రాన్ని మీకు అర్థమయ్యే భాషలో వివరించమని అడగడం మీ హక్కు. అడగడానికి సంకోచిస్తే ఆ కాగితాన్ని మా కార్యాలయానికి తీసుకురండి. చివరి పుట నుంచి మొదలుపెట్టి చదివి చెబుతాను.