శాతం కాదు, బిడ్డకు ఎంత?

(హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో ఆదివాసీ యువత ముందు చేసిన ప్రసంగ పాఠం)



మనం కూర్చున్న ఈ మాసబ్ ట్యాంక్‌లోనే సంక్షేమ భవన్ ఉంది. గిరిజన సంక్షేమ శాఖ ఆఫీసు అందులోనే. ఉట్నూరులో, ఏటూరునాగారంలో, భద్రాచలంలో మన పిల్లల పళ్లెంలోకి వచ్చే పైసల లెక్క ఇక్కడి ఫైళ్ల మీదుగానే పోతుంది. అందుకే చదువు ఖర్చు ముచ్చట ఇక్కడే మాట్లాడుకుందాం.

ఏ దేశం చదువుకు ఎంత పెడుతోందని అడిగితే జీడీపీలో ఇంత శాతం అని చెప్తారు. 2015లో ఇంచియాన్‌లో ప్రపంచ దేశాలు 4 నుంచి 6 శాతం పెట్టాలని అనుకున్నాయి. మన దగ్గర కొఠారీ కమిషన్ 1966లోనే 6 శాతం అని రాసింది. 1968 విద్యా విధానం ఒప్పుకుంది. 2020 విధానం మళ్లీ అదే 6 అన్నది. ఇన్నేళ్లలో ఒక్క ఏడాది కూడా అక్కడికి చేరలేదు.

అయితే ఒక్క శాతం చూసి మోసపోవద్దు. నెలకు పది వేలు వచ్చే ఇల్లు, లక్ష వచ్చే ఇల్లు రెండూ ఐదు శాతమే చదువుకు పెట్టాయనుకోండి. ఒక ఇంట్లో 500, ఇంకో ఇంట్లో 5,000. మొదటి ఇంట్లో నలుగురు పిల్లలుంటే తలకు 125 రూపాయలే. దేశాల లెక్కా ఇంతే. అందుకే రెండో ప్రశ్న అడగాలి: ఒక్కో బిడ్డకు ఎంత?

మన హాస్టళ్లనే చూడండి. 2024లో తెలంగాణలో మెస్ చార్జీలు 40 శాతం పెరిగాయి. మంచిదే. మూడు నుంచి ఏడో తరగతి పిల్లలకు నెలకు 950 ఉన్నది 1,330 అయింది. రోజుకు లెక్కేస్తే 44 రూపాయలు. పొద్దున టిఫిన్, రెండు పూటల అన్నం అందులోనే. 40 శాతం అంటే పెద్దగా వినిపిస్తది. చేతికొచ్చింది రోజుకు 13 రూపాయల లోపే.

మూడో ప్రశ్న: దేని మీద పెడుతున్నారు? నార్వేలో సామీ ప్రాంతాల పిల్లలకు సామీ భాషలో చదువుకునే హక్కు చట్టంలోనే ఉంది. అది మనకు కొత్త కాదు. కుమ్రం భీం పోరాటం తర్వాత, 1940లలో నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్ సలహాతో మార్లవాయిలో గోండు యువకులకే టీచర్ ట్రైనింగ్ ఇచ్చింది, గోండీలో వాచకాలు వేయించింది. ఆ రోజుల్లో అయింది ఇప్పుడెందుకు కాదు? ఏజెన్సీ టీచర్ పోస్టులు స్థానిక ఆదివాసీలకే అన్న 3వ నంబరు జీవోను 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. బడిలో మన భాష వచ్చిన టీచర్ లేకపోతే ఖర్చు రాసిన కాగితం బిడ్డకు పాఠం చెప్పదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! 2013 సబ్‌ప్లాన్ చట్టం జనాభా వాటా ప్రకారం నిధులు పెట్టాలన్నది. 2017 చట్టం మిగిలిన నిధులను మరుసటి ఏడాదికి తేవాలన్నది. సమాచార హక్కు మీ చేతిలో ఉంది. మీ ఊరి ఆశ్రమ పాఠశాల గురించి మూడు సంగతులు అడగండి: ఎంత కేటాయించారు, ఎంత విడుదల చేశారు, ఎంత ఖర్చు చేశారు? వచ్చిన జవాబును గ్రామసభలో చదివి వినిపించండి.

జై ఆదివాసీ!