బొజ్జన్నకొండ మీద వైశాఖ పౌర్ణమి



వైశాఖ పౌర్ణమి అనగానే మన విశాఖపట్నం ఆడవాళ్ళకు ముందుగా గుర్తొచ్చేది సింహాచలం అప్పన్న. అక్షయ తృతీయనాడు నిజరూపం చూపిన స్వామికి ఆ పున్నమినాడు మళ్ళీ చందనం సమర్పిస్తారు. బుద్ధపూర్ణిమ కూడా ఆ రోజేనండీ. లుంబినిలో పుట్టడం, బుద్ధగయలో రావిచెట్టు కింద జ్ఞానోదయం, ఎనభయ్యోయేట కుశీనగరంలో నిర్యాణం, మూడూ వైశాఖ పున్నమినాడే జరిగాయని శ్రీలంక, బర్మా దేశాల బౌద్ధుల నమ్మిక. జపాను వాళ్ళు మాత్రం మూడింటికీ మూడు తేదీలు పెట్టుకున్నారు.

మనకు పండుగంటే పిండివంటలు. శ్రీలంకలో భక్తిగల ఇల్లాళ్ళు ఆ రోజు తెల్లబట్టలు కట్టి ఎనిమిది నియమాలు పాటిస్తారు. మధ్యాహ్నం దాటితే భోజనం లేదు, నగలూ పూలూ లేవు, ఎత్తు మంచమెక్కరు. దీనిని పాళీభాషలో ఉపోసథం అంటారు. మన ఉపవాసానికి తోబుట్టువే ఆ మాట. ఇతర మతాల సన్యాసులు తిథి చూసుకుని ఒకచోట కూడి ధర్మం చెబుతుంటే జనం అటు వెళ్ళడం చూసి, మన భిక్షువులూ అలా కూడితే బాగుంటుందని బింబిసార మహారాజు బుద్ధుడికి మనవి చేశాడట. అంటే, అడిగినవాడు సంసారే! ఇల్లు గలవాళ్ళ అవసరం ఇల్లు గలవాళ్ళే కదా చెప్పాలి.

ఇంత దూరదేశాల సంగతి చెప్పుకుంటున్నాం గాని, అనకాపల్లి పక్కనే శంకరం ఉంది. సంఘారామం అన్న మాటే అలా మారిందంటారు. బుద్ధుని కొండ జనం నోట బొజ్జన్నకొండ అయింది. 1907లో అలెగ్జాండర్ రీ దొరగారు అక్కడ తవ్వకాలు మొదలుపెట్టారు. కొండను తొలిచిన గుహలు, గుమ్మం పైన ధ్యానంలో కూర్చున్న బుద్ధుడు, శిఖరాన స్తూపం. పక్క కొండ నిండా రాతిలోనే చెక్కిన చిన్న చిన్న స్తూపాలు. వాటిని చూసి శివలింగాలనుకుని దానిని లింగాలకొండ అన్నారు. పోనీ, దణ్ణమైనా పెట్టారు.

బొజ్జన్న సంగతే కష్టం. కనుమనాడు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చి, అక్కడ బొజ్జలా ఉబ్బెత్తుగా ఉన్నదాన్ని రాక్షసుడి పొట్ట అనుకుని రాళ్ళు వేసేవారు. తరతరాల ఆచారం. మా అత్తగారిది ఆ వైపే. "ఎవరత్తయ్యా ఆ రాక్షసుడు?" అని అడిగితే, "ఏటోనమ్మా, పెద్దలేసీవోరు, మేమూ ఏసీవోళ్ళం" అనేవారు. ఆ మాటలో కోపం వెతికినా దొరకదు. ఏ ప్రాణినీ హింసించవద్దన్నది ఎవరి మొదటి నియమమో, వారి కొండ మీదే ఆ రాళ్ళు పడేవి! తెలిసినవాళ్ళు నచ్చజెప్పగా చివరికి ఆగాయి. ఆ కనుమనాడే అక్కడ బౌద్ధమేళా జరిపే అలవాటూ వచ్చింది.

భీమిలి దారిలో తొట్లకొండ, బావికొండ కూడా అంతే. రాతిలో తొలిచిన నీటితొట్లూ బావులూ పేర్లలో మిగిలాయి గాని, ఆ నీళ్ళు తాగిన భిక్షువులు ఎవరికీ గుర్తులేరు.

కనుమకు వెళ్ళండి, మంచిదే. నాకైతే శంకరం వెళ్ళడానికి వైశాఖ పౌర్ణమే తగిన రోజనిపిస్తుంది. ఆ మాసం ఎండలు తెలుసుగా, రాయి కాలిపోతుంది. పొద్దున్నే బయలుదేరి, మంచినీళ్ళు పట్టుకుని, నెమ్మదిగా మెట్లెక్కండి. గుహ గుమ్మం పైనున్న ఆయనను పిల్లలకు చూపించి, పేరు చెప్పండి.