కష్టకాలమున సంఘబలము

(భిక్నూరున జరిగిన పద్మశాలి సంఘ వార్షిక మహాసభయందలి ఉపన్యాసము)



సిద్ధరామేశ్వరస్వామి వెలసిన ఈ భిక్నూరున మన బంధువులందఱిని ఒక్కచోట చూడగలుగుట మాకు మిక్కిలి సంతోషదాయకము. అయినను సభాశోభను కొనియాడుటకంటె, కష్టములచే ఈ సభకు రాలేకపోయిన వారిని గూర్చి నాలుగు మాటలు చెప్పుట ఉచితమని తలంచుచున్నాము.

పూర్వము సాలెవీధిలో పడుగు చాచి గంజి పెట్టునాడు ఒక్క యింటివారివలన పని తీరెడిది కాదు. ఇరుగుపొరుగువారు వచ్చి చేయి వేసెడివారు. నేడు వారి పని, రేపు మన పని. మగ్గము మూలబడినను ఆ మర్యాద మూలబడరాదు.

ఈ ప్రాంతమునుండియు, పొరుగుననున్న సిరిసిల్లనుండియు ఎందఱో భీవండి, షోలాపురములకు పోయి మరమగ్గములపై జీవించుచున్నారు. భీవండిలోని పద్మానగరము అట్టి తెలుగువారి నెలవే. ఇంటికడ స్త్రీలు బీడీలు చుట్టి సంసారము నీడ్చుచున్నారు. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ మొదలుకాగా మగ్గములాగెను, కూలియు నాగెను. ఈ యూరి మీదుగా పోవు 44వ జాతీయ రహదారి వెంట వలసకూలీలు ఎండలో కాలినడకన సాగిపోయిరి. దప్పిగొన్నవానికి నీరిచ్చునప్పుడు కులమడుగుట ధర్మము కాదు. మన సంఘము మనవారికి నీడ కావలెను గాని ఇతరులకు గోడ కారాదు.

సిరిసిల్లలో 2000 తరువాతి సంవత్సరములలో అప్పులబాధచే నేతపనివారెందఱో ప్రాణములు తీసికొనిరి. 2017లో బతుకమ్మ చీరల పని వచ్చి కొంత ఊరట కలిగెను. 2024 ఆరంభమున పని కఱవై మగ్గములు మరల నాగెను. ప్రభుత్వసాయమును మనము కోరవలసినదే. కాని అది వచ్చులోపల మనుష్యుని నిలుపవలసినవారు ఇరుగుపొరుగువారే. అప్పులవాడు గుమ్మమున నిలిచిన దినమున మనవాడొకడు ప్రక్కన కూర్చుండెనేని ఆ కుటుంబమునకు సగము ధైర్యము కలుగును.

కావున మూడు పనులను సభవారికి మనవి చేయుచున్నాము. ప్రతి గ్రామమున ఇద్దఱు పెద్దలు, ఇద్దఱు స్త్రీలు నెలకొకమాఱు కష్టములోనున్న యిండ్లకు పిలువకయే పోవలెను. విన్నమాట వీధిన పడవేయరాదు. పూలదండలకును విందులకును అగు వ్యయములో కొంత మిగిల్చి, రోగములకును పిల్లల చదువులకును వడ్డీలేని అప్పు నిచ్చు నిధి నేర్పఱచి, దాని లెక్కలను ఏటేట సభలో చదువవలెను. వలసపోయినవారి చిరునామాలను వ్రాసియుంచి, వారి యింటివారి యోగక్షేమములు విచారింపవలెను.

పడుగులో పోగు తెగినచో నేతగాడు వస్త్రమును విడిచిపెట్టడు, ముడివేసి నేయును. తెగిన ప్రతిపోగునకు మన సంఘము ముడి యగుగాక!